జంషెడ్‌పూర్ జలాశయాల్లో వసంతకాలపు గాలపు వేట

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరంలోనూ చుట్టుపక్కలా ఉన్న చెరువులు, ఆనకట్టల నీటిలో చలి తగ్గాక మొదలై ఎండలు ముదిరేలోగా ముగిసే ఒడ్డు వేటను వసంతకాలపు గాలపు వేట అనవచ్చు. సుమారుగా ఇది ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు, అంటే మాఘం చివరి నుంచి చైత్రం దాకా సాగుతుంది. పడవ గానీ వల గానీ అక్కర్లేదు. గాలపు కర్ర, దారం, బెండు, కొంచెం ఎర ఉంటే చాలు. నీరు నేలలోకి చొచ్చుకొచ్చిన మూలల్లో, వాగు వచ్చి చెరువులో కలిసే చోట, నాచు పెరిగిన అంచుల్లో ఈ వేట బాగా సాగుతుంది. చలికాలమంతా లోతుల్లో మందకొడిగా గడిపిన చేప ఈ రోజుల్లో వెచ్చదనం కోసం, మేత కోసం, కొన్ని జాతులైతే గుడ్లు పెట్టడం కోసం ఒడ్డుకు వస్తుంది. మనిషి చేతికి దగ్గరగా వచ్చే కాలం అదే, దానికి ఎక్కువ ఆపద పొంచి ఉండే కాలమూ అదే. అందువల్ల ఈ వేటలో నేర్పుతో పాటు నిగ్రహం కూడా తెలిసి ఉండాలి.

నగరం, నీరు

టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చీ గ్రామం దగ్గర కట్టిన కర్మాగారంలో 1912లో ఉక్కు తయారైంది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. అప్పటిదాకా కాళీమాటిగా ఉన్న రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది. ఉక్కు తయారీకి ఇనుప ఖనిజం, బొగ్గు ఎంత ముఖ్యమో నీరూ అంతే ముఖ్యం. సువర్ణరేఖ, ఖర్కయి నదులు కలిసే చోటుకు దగ్గరగా కర్మాగారం రావడానికి నీరు కూడా ఒక కారణం. నగరంలోని సోనారీ ప్రాంతంలో ఆ రెండు నదులూ కలిసే చోటును దోముహానీ అంటారు.

రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు కర్మాగారపు తొలి దశాబ్దాల నుంచీ ఇక్కడ ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చెరువు గట్లు ఎరిగినవారికి నగరం దగ్గరి దల్మా కొండల కింది నీళ్లు కొత్తగా అనిపించవు. రోహు పేరుతో ఇక్కడి బజారులో అమ్మేది మన శీలావతే, కత్లా అంటే మన బొచ్చె, కామన్ కార్ప్ అంటే మన బంగారుతీగ.

ముఖ్యమైన వేట చోట్లు

జయంతి సరోవర్: నగరం నడిబొడ్డున జూబిలీ పార్కులో ఉంది. టాటా స్టీల్ స్వర్ణోత్సవ కానుకగా 1958 మార్చి 1న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఈ పార్కును ప్రారంభించారు. మైసూరు బృందావన తోటల స్ఫూర్తితో దీన్ని తీర్చిదిద్దారు. ఏటా మార్చి 3న, జంషెడ్జీ టాటా జయంతి సందర్భంగా, పార్కంతా దీపాలు వెలుగుతాయి. సరిగ్గా అవే రోజుల్లో సరస్సు అంచుల్లో నీరు వేడెక్కుతూ ఉంటుంది. గాలపు పోటీలు జరిగే సరస్సు ఇది. ఇందులోని పెద్ద చేపలు చాలావరకు ఒకప్పుడు పిల్లలుగా వదిలి పెంచినవి.

డిమ్నా సరస్సు: నగరానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, దల్మా కొండల పాదాన ఉంది. నీటి సరఫరా కోసం టాటా కంపెనీ కట్టించిన జలాశయమిది. దీని ఒడ్డు వంకరటింకరగా ఉంటుంది. కొండ మీద నుంచి దిగే సన్నని వాగులు కలిసే చోటల్లా ఒక్కో మూల ఏర్పడింది. వసంతపు వేటకు అలాంటి మూలలే ఆయువుపట్టు. తాగునీటి జలాశయం కాబట్టి నిర్వాహకుల అనుమతి లేకుండా ఇక్కడ గాలం వేయకూడదు. పక్కనే ఉన్న దల్మా అభయారణ్యం ఏనుగులకు నెలవు. చీకటి పడకముందే ఒడ్డు వదలడం మంచిది.

చాండిల్ జలాశయం: రాంచీ వైపు వెళ్లే దారిలో, సరాయ్‌కేలా-ఖర్సావాఁ జిల్లాలో, సువర్ణరేఖ మీద కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడింది. ఈ నీటి కింద ఎన్నో గ్రామాలు మునిగిపోయాయి. ఊళ్లు కోల్పోయినవారిలో చాలామంది సహకార సంఘాలుగా ఏర్పడి, ఇదే నీటిలో వల పంజరాలు కట్టి పంగాసియస్ వంటి చేపలను పెంచుతూ బతుకుతున్నారు. గాలం పట్టుకుని వెళ్లేవారు అది వాళ్ల జీవనాధారమని గుర్తుంచుకుని, పంజరాలకు దూరంగా కూర్చోవాలి.

సీతారాంపూర్ జలాశయం, దోముహానీ దగ్గరి నది మడుగులు, ఊళ్ల మధ్య ఉన్న చిన్న చెరువులు కూడా స్థానికులు గాలం వేసే చోట్లే.

వసంతంలో చేప ఒడ్డుకు ఎందుకు వస్తుంది

చేప శీతల రక్త జీవి. దాని ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. జనవరిలో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగుతుంది. అప్పుడు కార్ప్ జాతుల అరుగుదల నెమ్మదిస్తుంది, మేత తగ్గుతుంది. ఫిబ్రవరి రెండో సగంలో పగటి ఎండ పెరిగేసరికి ముందుగా వేడెక్కేది లోతు తక్కువ నీరే. మోకాటి లోతు ఉన్న మూల మధ్యాహ్నానికి గోరువెచ్చగా మారినా, నడిచెరువులో లోతు నీరు ఇంకా చల్లగానే ఉంటుంది. వెచ్చని అంచుల్లో నాచు చిగురిస్తుంది. దాన్ని పట్టుకుని పురుగులు, నత్తలు, చిన్న రొయ్యలు పెరుగుతాయి. వాటి వెనుక పరిగెలు, పరిగెల వెనుక పెద్ద చేపలు వస్తాయి.

ఒడ్డును ఎంచుకోవడానికి దీన్నిబట్టి మూడు గుర్తులు చెప్పవచ్చు. మొదటిది ఎండ: ఉత్తరపు ఒడ్డు దక్షిణానికి ముఖం పెట్టి ఉంటుంది కనుక, వసంతంలో వాలుగా పడే ఎండ దానికి ఎక్కువ సేపు తగులుతుంది. రెండోది గాలి: రోజంతా ఒకే వైపు వీచిన గాలి పైనున్న వెచ్చని నీటిని, దాని మీద తేలే మేతను ఎదుటి ఒడ్డుకు నెడుతుంది. మూడోది వాలు: లోతు తక్కువ నీరు ఉన్నట్టుండి లోతుకు దిగే చోటు పక్కనే ఉంటే చేప ధైర్యంగా ఒడ్డుకు వస్తుంది, అలికిడైతే క్షణంలో లోతుకు జారిపోతుంది. ఈ మూడూ కలిసిన మూలలో గంటలకొద్దీ కూర్చున్నా సమయం వృథా కాదు.

ఏప్రిల్ నడిమికి లెక్క తిరగబడుతుంది. పగటి వేడి 40 డిగ్రీల వైపు పోతుంటే ఒడ్డు నీరు మరీ కాగిపోతుంది, దానిలో కరిగిన ప్రాణవాయువు తగ్గుతుంది. చేప మళ్లీ లోతు పడుతుంది. అప్పుడిక తెల్లవారుజామున, పొద్దుగుంకే వేళ మాత్రమే గాలానికి పని.

చేపలు, వాటి నడత

బంగారుతీగ: ఈ ఋతువులో ఒడ్డుకు వచ్చే పెద్ద చేపల్లో మొదట చెప్పుకోవలసింది ఇదే. ఇది మన దేశపు చేప కాదు. దీని అద్దపు పొలుసుల రకం 1939లో సింహళం నుంచి నీలగిరికి, మామూలు పొలుసుల రకం 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు వచ్చాయి. మైదాన ప్రాంతాల్లో ఇది ఏడాదికి రెండుసార్లు, జనవరి-మార్చి నెలల్లోనూ మళ్లీ జూలై-ఆగస్టులోనూ గుడ్లు పెడుతుంది. కిలో బరువున్న ఆడచేప కడుపులో లక్షకు పైగా గుడ్లుంటాయి. ఆ గుడ్లు జిగురుగా ఉండి ఒడ్డు నాచుకు అంటుకుంటాయి, రెండు మూడు రోజుల్లో పగిలి పిల్లలు బయటికి వస్తాయి.

శీలావతి, బొచ్చె, మోసు: మన దేశపు ఈ మూడు పెద్ద కార్ప్‌లను 1822లో గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ శాస్త్రీయంగా వర్ణించాడు. వీటికి గుడ్ల కాలం వసంతం కాదు, వానాకాలం. పారే వరద నీరు తగిలితేనే గుడ్లు పెడతాయి, నిలవ నీటిలో పెట్టవు. ఈ చిక్కును విప్పింది జంషెడ్‌పూర్‌కు పొరుగు రాష్ట్రంలోనే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి చేపల పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి నిలవ నీటిలోనే గుడ్లు పెట్టించారు. ఆ రోజునే దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతారు. జయంతి సరోవర్ వంటి సరస్సుల్లో చేప పిల్లలను వదిలి పెంచడం సాధ్యమైందంటే దానికి మూలం ఆ విజయమే. వసంతంలో ఈ మూడూ ఒడ్డుకు వచ్చేది కేవలం మేత కోసం. బొచ్చె పైనీటిలో, శీలావతి నడినీటిలో, మోసు అడుగున మేస్తాయి. ఎర ఏ లోతులో ఉండాలో దీన్నిబట్టే తేల్చుకోవాలి.

జిలేబి: ఆఫ్రికా జాతికి చెందిన, 1952లో మన దేశానికి వచ్చిన తిలాపియా. నీరు వెచ్చబడగానే మగచేప ఒడ్డు బురదలో పళ్లెంలాంటి గుంట తవ్వుతుంది. ఆడచేప అందులో గుడ్లు పెట్టి, వాటిని నోట్లోకి తీసుకుని అక్కడే పొదుగుతుంది. నీరు తేటగా ఉంటే ఈ గుంటలు ఒడ్డు మీంచే కనిపిస్తాయి. ఇది త్వరగా పెరిగి దేశీ చేపల మేతకు పోటీ పడుతుంది కాబట్టి ఎక్కువగా పట్టినా చెరువుకు నష్టం లేదు.

కొర్రమీను: తెలంగాణ రాష్ట్ర చేప. నాచు మధ్య పొంచి ఉండి కప్పలను, పరిగెలను పట్టి తింటుంది. గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడు నీటి మీద చిన్న బుడగ లేస్తుంది. గుడ్లను, పిల్లలను తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. ఎర్రగా మెరిసే పిల్లల గుంపు నీటిపై కదులుతుంటే కింద పెద్దచేప ఉన్నట్టే. ఆ సమయంలో దాన్ని పట్టుకుంటే ఆ గుంపు మొత్తం ఇతర చేపలకు ఆహారమైపోతుంది.

పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయలు: పిల్లలూ కొత్తగా గాలం పట్టినవాళ్లూ నేర్చుకునేది వీటి మీదే.

పనిముట్లు, ఎరలు

జంషెడ్‌పూర్ గాలపు వేట మీద బెంగాలీల ప్రభావం ఎక్కువ. గాలపు కర్రను హిందీలో బన్సీ అని, బెంగాలీలో ఛిప్ అని, బెండును ఫాత్నా అని అంటారు. మన పల్లెల్లో జీలుగు బెండు వాడినట్టే ఇక్కడ నెమలి ఈక కాడను బెండుగా వాడతారు. తేలికగా, సన్నగా ఉండే ఆ కాడ చేప చిన్నగా ముట్టినా కదులుతుంది. చిన్న చేపలకు రెండు మూడు మీటర్ల వెదురు కర్ర సరిపోతుంది. పెద్ద కార్ప్‌లకు దారం చుట్టే రీలు ఉన్న కర్ర కావాలి.

ముందుగా లోతు చూడాలి. కొక్కేనికి సీసం ముక్క తగిలించి నీటిలో వేసి, బెండు నీటిపై నిలబడేదాకా దారం సవరిస్తారు. తర్వాత మేత చల్లుతారు. ఆవాల గానుగ చెక్క, వేయించిన మెంతులు, తవుడు కలిపి ముద్దలు చేసి ముందు రోజు సాయంత్రమే అనుకున్న చోట వేస్తారు. దీన్ని చార్ లేదా చారా అంటారు. వాసనకు చేపలు అక్కడ మేతకు అలవాటు పడతాయి.

కొక్కేనికి గుచ్చే ఎరల్లో గోధుమపిండి ముద్ద, వానపాము, రొట్టె ముక్క సామాన్యం. ఈ నేలకు ప్రత్యేకమైనవి రెండున్నాయి. ఒకటి సత్తు, అంటే వేయించిన శనగల పిండి. ఇంట్లో ఎండాకాలం తాగే సత్తునే కొంచెం నీటితో కలిపి, చెవి తమ్మెంత మెత్తగా పిసికి, శనగగింజంత ఉండ చేసి కొక్కేనికి పెడతారు. గట్టిగా ఉంటే చేప ఉమ్మేస్తుంది, పలుచగా ఉంటే నీటిలో కరిగిపోతుంది. రెండోది సాల, మామిడి చెట్ల ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల గుడ్లు. గుడ్లను పిండిలో కలిపి ఉండ చేస్తే శీలావతి ఇష్టంగా తింటుంది. ఈ చీమలూ గుడ్లూ ఇక్కడి ఆదివాసీలకు ఆహారం కూడా. కాబట్టి గూటిని మొత్తం తెంపకుండా కావలసినంతే తీసుకోవడం మర్యాద.

ఇప్పగింజల గానుగ చెక్కను మాత్రం మేతలో కలపకూడదు. అందులోని సపోనిన్ చేపలకు విషం. చేపల పెంపకంలో చెరువును కొత్తగా సిద్ధం చేసేటప్పుడు అనవసరపు చేపలను చంపడానికి మీటరు లోతు నీటికి హెక్టారుకు 2000 నుంచి 2500 కిలోల చొప్పున దాన్నే వాడతారు.

బెండు చెప్పే మాటలు

ఒడ్డు వేటలో నేర్పు అంతా బెండును చదవడంలో ఉంది. పరిగె ముడితే బెండు టకటకా కొట్టుకుంటుంది కానీ మునగదు. జిలేబి ఒక్కసారిగా పక్కకు లాగుతుంది. శీలావతి రెండు మూడుసార్లు పెదవులతో ఎరను తడుముతుంది, బెండు చుట్టూ చిన్న వలయాలు లేస్తాయి, కాసేపు ఏమీ ఉండదు, ఆ తర్వాత బెండు నిలువునా మునుగుతుంది. బంగారుతీగది వేరే తీరు. అది తల కిందికి పెట్టి అడుగు బురదను పెకలిస్తూ మేస్తుంది కాబట్టి ముందు బెండు దగ్గర సన్నని బుడగలు వరుసగా పైకి వస్తాయి. ఎరను నోట్లో పెట్టుకుని తల ఎత్తగానే సీసం బరువు దారం మీద తగ్గుతుంది. నిటారుగా ఉన్న ఈక కాడ మెల్లగా లేచి నీటి మీద పక్కకు పడుకుంటుంది. కొత్తవారు బెండు మునగాలని ఎదురుచూస్తూ కూర్చుంటారు. అనుభవం ఉన్నవారు కాడ పడుకోగానే మణికట్టు ఎత్తుతారు.

క్రాపీతో పోలిక

వసంతంలో ఒడ్డు వేట అనగానే ఉత్తర అమెరికాలో మొదట గుర్తొచ్చే చేప క్రాపీ. ఇది పొమాక్సిస్ ప్రజాతికి చెందినది. తెల్లది, నల్లది అని రెండు జాతులున్నాయి. నీరు సుమారు 16 నుంచి 20 డిగ్రీలకు వేడెక్కగానే ఇవి లోతు నుంచి మూలల్లోకి వస్తాయి. మగచేప లోతు తక్కువ నీటిలో గూడు చేసి గుడ్లకు కాపలా ఉంటుంది. చిన్న చేపపిల్లనో, ఈకలు కట్టిన చిన్న కృత్రిమ ఎరనో బెండు కింద వేలాడదీసి పడతారు. నోటి చర్మం పలుచన కాబట్టి దీన్ని కాగితపు నోటి చేప అని పిలుస్తారు, మెత్తగా లాగాలి. ఇప్పటిదాకా నమోదైన అతి పెద్ద తెల్ల క్రాపీ 1957లో మిసిసిపీలోని ఈనిడ్ ఆనకట్ట దగ్గర దొరికింది. దాని బరువు 5 పౌండ్ల 3 ఔన్సులు, అంటే సుమారు 2.35 కిలోలు.

క్రాపీ మన నీళ్లలో లేదు. అయినా డిమ్నా మూలలో బంగారుతీగను, జిలేబిని ఒడ్డుకు రప్పించేది అక్కడ క్రాపీని రప్పించే వెచ్చదనమే. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు, రోజుకు ఎన్ని చేపలు పట్టవచ్చన్న పరిమితి అమల్లో ఉన్నాయి. చేప గూడు దగ్గరే ఉండే కాలంలో పట్టే వేటకు ఏదో ఒక హద్దు ఉండాలని అనుభవం మీద తెలుసుకున్నారు.

పండుగ, చరిత్ర

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లలో ఉగాది పచ్చడి చేసుకుంటారు. సరిగ్గా రెండు రోజులకు, తదియ నాడు, ఆదివాసీల సర్హుల్ వస్తుంది. సాల చెట్టు పూసిన సంతోషంలో చేసుకునే పండుగ అది. ఉరాఁవ్ సంప్రదాయంలో పండుగకు ముందు చేపలు, పీతలు పట్టే ఆచారం ఉంది. పట్టిన పీతను పొయ్యి పైన వేలాడదీసి, విత్తనాలు వేసే రోజున దాని పొడిని విత్తనాలలో కలుపుతారు. పీత గుంపుగా పిల్లలను కన్నట్టు పైరు విరగపండాలని కోరిక. వసంతపు నీటికీ సంతానానికీ ఉన్న ముడి ఆ ఆచారంలో కనిపిస్తుంది.

గాలపు వేట మన దేశంలో కొత్త వినోదం కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే భాగమే ఉంది. గాలపు కర్ర, దారం, ఏ చేపకు ఏ మేత అన్న వివరాలు అందులో ఉన్నాయి. 1951లో జీవశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా ఆ భాగాన్ని ఆధునిక శాస్త్రవేత్తలకు పరిచయం చేశాడు.

నియమాలు, సంరక్షణ

1897 నాటి భారత మత్స్య చట్టం పేలుడు పదార్థాలతోనూ విషంతోనూ చేపలు పట్టడాన్ని నేరంగా ప్రకటించింది. గాలం వేసే ప్రతివాడికీ ఇది కనీస నియమం. దానికి తోడు వసంతంలో పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. వదిలేయదలచిన చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి, పొడి చెయ్యి దాని ఒంటి జిగురును తుడిచేస్తుంది. కడుపు ఉబ్బి, నొక్కకుండానే గుడ్లు కారే చేపను తిరిగి నీటిలో వదలాలి. తెగిన నైలాన్ దారాన్ని ఒడ్డున పారేయకూడదు, కొంగల కాళ్లకు అదే ఉరి అవుతుంది. వేసవి అవసరాలకు జలాశయం నుంచి నీరు తోడేకొద్దీ మట్టం దిగి, ఒడ్డు నాచుకు అంటుకున్న గుడ్లు ఎండిపోతాయి. ఆ నష్టాన్ని ఆపడం గాలం వేసేవారి చేతిలో లేదు. మిగిలిన గుడ్లను తొక్కకుండా చూడటం మాత్రం వారి చేతిలోనే ఉంది.

ఫిబ్రవరి చివర డిమ్నా వంటి జలాశయపు మూలలో కూర్చునే ముందు కాళ్ల దగ్గరి నాచును ఒక గుప్పెడు మెల్లగా పైకి తీసి చూడాలి. ఆకుల కింద ఆవగింజంత గుడ్లు లేత పసుపు రంగులో, అద్దంలా తేటగా మెరుస్తుంటే అవి బతికి ఉన్నట్టు. పాలలా తెల్లబడినవి చచ్చిపోయినట్టు. తేటగా ఉన్నవి కనిపిస్తే ఆ నాచును తీసిన చోటే, తీసినట్టే నీటిలో ఉంచి, కర్ర పట్టుకుని పది అడుగులు పక్కకు జరగాలి. ఆ పది అడుగులు జరిగినవాడికి వచ్చే ఏడాది కూడా అదే మూలలో బెండు కదులుతుంది.